మరను తిప్పే మర ఏది?

"ఒరే, ఒక పేచ్‌కస్ కొనాలిరా. కరెంటుది. ఏది కొనమంటావు?" భిలాయ్ నుంచి బాబాయి ఫోన్. నవ్వొచ్చింది. ఉక్కు కర్మాగారం ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ముప్పయ్యారేళ్లు స్క్రూడ్రైవర్ పట్టిన మనిషి ఆయన. ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటివాళ్లను కేకేసే బాపతు నేను. నన్నడుగుతున్నాడంటే విషయం మామూలుది కాదని అప్పుడే అర్థం కావలసింది.

భిలాయ్ తెలుగువాళ్లకు కొత్త చోటేమీ కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యేనాటికే విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పట్టుకుని ఉత్తరాంధ్ర జనం అక్కడికి చేరడం మొదలుపెట్టారు. మా తాతయ్య మట్టిపనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. బాబాయి అక్కడే పుట్టాడు, అక్కడే చదివాడు, అక్కడే రిటైరయ్యాడు. ఆయన మాట సగం శ్రీకాకుళం, సగం ఛత్తీస్‌గఢ్. మణికట్టును 'కలాయి' అంటాడు. ఈ కథకు మూలం ఆ కలాయే.

రిటైరయ్యాక సుపేలా వైపు ఒక చిన్న గది అద్దెకు తీసుకుని రిపేర్ల దుకాణం పెట్టాడు. ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు, స్టెబిలైజర్లు, ఇండక్షన్ పొయ్యిలు, కుట్టు మిషన్ మోటార్లు. పింఛను అంతంతమాత్రం కాబట్టి ఇది కాలక్షేపం కాదు, సంసారం. ఏడాది తిరిగేసరికి కుడి మోచేతి బయటివైపు నొప్పి మొదలై మణికట్టు దాకా పాకింది. డాక్టరు 'టెన్నిస్ ఎల్బో' అన్నాడట. జన్మలో రాకెట్ ముట్టని మనిషికి టెన్నిస్ జబ్బు! స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లకూ, పెయింటర్లకూ, వడ్రంగులకూ ఇది మామూలే. ముంజేతిని పదేపదే ఒకే తీరుగా మెలితిప్పితే మోచేతి దగ్గర ఎముకకు అంటుకునే కండరపు నరం అరిగిపోతుంది.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం పోతుంది. ఒక్కో పెట్టె మూత తీయడానికి, లోపలి బోర్డు విప్పడానికి డజను స్క్రూలు అనుకోండి. రోజుకు పది పెట్టెలు. విప్పడం, మళ్లీ బిగించడం కలిపి రెండు వందల నలభై. మూడు మిల్లీమీటర్ల సాధారణ మరకు ఒక చుట్టు తిప్పితే స్క్రూ అర మిల్లీమీటరు కదులుతుంది. ఆరు మిల్లీమీటర్ల లోతుకు పన్నెండు చుట్లు. మనిషి మణికట్టు ఒక పట్టుకు తిప్పగలిగేది అర చుట్టే. అంటే స్క్రూకు ఇరవై నాలుగు తిప్పులు, రోజుకు దాదాపు ఆరు వేలు! "డూటీలో ఉన్నప్పుడు ఇన్ని లేవురా" అన్నాడు బాబాయి. నిజమే. కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ఎక్కువ సేపు లోపం వెతుకుతాడు. దుకాణంలో ఎక్కువ సేపు మూతలు విప్పుతాడు.

నాకు ఫోన్ చేసే ముందే ఒక పొరపాటు జరిగిపోయింది. తండ్రి అవస్థ చూడలేక మా తమ్ముడు ఆన్‌లైన్‌లో ఒక మిషన్ తెప్పించాడు. పిస్తోలు ఆకారం, పన్నెండు వోల్టులు, నల్లటి సూట్‌కేసు, నలభై బిట్లు. చూడ్డానికి ఠీవిగానే ఉంది. మొదటి రోజే ఒక స్టెబిలైజర్ మూత బిగిస్తుంటే 'టక్' మంది. స్క్రూ దిగే ప్లాస్టిక్ స్తంభం నిలువునా చీలిపోయింది. ఖాతాదారు పరిచయస్తుడే అయినా బాబాయి కొత్త క్యాబినెట్ కొనిచ్చాడు. నాలుగు వందలు పోయినందుకు కాదు, "నా చేతిలో వస్తువు పగలడం ఏటిరా" అని ఆయన బాధ. సూట్‌కేసు అటకెక్కింది. నాకు ఫోన్ వచ్చింది ఆ మర్నాడు.

ఆ మిషన్ చెడ్డదేమీ కాదు, పని వేరు. ఈ సరుకు కొనేవాళ్లంతా మొదట అడిగేది 'ఎంత పవర్?' అని. రిపేరు పనికి అడగాల్సిన ప్రశ్న అందుకు సరిగ్గా తిరగబడింది: 'ఎంత తక్కువకు ఆగుతుంది?'

స్క్రూను తిప్పే బలాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పది సెంటీమీటర్ల కాడ చివర కిలో బరువు వేలాడదీస్తే పడే మెలిక సుమారు ఒక న్యూటన్ మీటర్. ఇనుములో దిగే మూడు మిల్లీమీటర్ల మామూలు స్క్రూకు అర నుంచి ఒక న్యూటన్ మీటర్ చాలు. ప్లాస్టిక్‌లో దిగేదానికి అంతకన్నా తక్కువ. సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలోని బుల్లి స్క్రూలకు అందులో నాలుగో వంతు కూడా ఎక్కువే. పన్నెండు వోల్టుల పిస్తోలు మిషన్ ఇచ్చేది ఇరవై, ముప్పై. పద్దెనిమిది వోల్టుల ఇంపాక్ట్ డ్రైవరైతే వంద దాటేస్తుంది. అది చెక్కలో వేలెడు మరమేకు దించడానికి పుట్టింది. దానితో స్టెబిలైజర్ మూత బిగించడమంటే తులసికోటకు నీళ్లు పోయడానికి ఏనుగును తోలుకురావడమే.

వీటి తల దగ్గర ఒక రింగు మీద అంకెలుంటాయి. అది క్లచ్. అనుకున్న బలానికి చేరగానే మోటారు తిరుగుతున్నా బిట్టు ఆగిపోయి 'కరకర' మంటుంది. బలమైన మిషన్‌లో ఒకటో అంకె కూడా ప్లాస్టిక్‌కు ఎక్కువ కావచ్చు. బాబాయికి జరిగింది అదే. పైగా వేగం. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరిగితే ప్లాస్టిక్‌లో రాపిడికి వేడి పుట్టి మర కరిగిపోతుంది. ఈ పనికి రెండు మూడు వందల చుట్లు చాలు.

అటు చివర పెన్ను లాంటివి ఉన్నాయి. సన్నగా, ముచ్చటగా, వెలిగే దీపాలతో వస్తాయి. వీటి మోటారు బలం పావు న్యూటన్ మీటర్‌కు అటూ ఇటూ. సెల్‌ఫోన్లు, గడియారాలు, కెమెరాలు విప్పేవాళ్లకు వరమే. ఇన్వర్టర్ మూత దగ్గర మాత్రం మూలిగి ఆగిపోతాయి. వీటిలో పట్టే బిట్లు కూడా నాలుగు మిల్లీమీటర్ల బుడతలు. మామూలు బిట్ల కాడ 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. ఒకదాని బిట్టు ఇంకోదానికి పట్టదు. చాలామంది ఇంటికొచ్చాక చూసుకుని నాలుక్కరుచుకునేది ఇక్కడే.

ఈ రెంటికీ నడుమ ఉన్నది 3.6 వోల్టుల జాతి. అరచేతిలో ఇమిడే కట్టె ఆకారం, లేదా నడుం దగ్గర వంగి పిస్తోలుగా మారేది. మూడు నుంచి ఐదు న్యూటన్ మీటర్ల బలం, దిగువన మెత్తటి క్లచ్ మెట్లు. బాబాయి పనికి సరిపోయేది ఇదేనని నాకు రెండు రోజుల్లో తెలిసింది. ఏ 3.6 వోల్టుల మిషన్ అన్నది తేలడానికి రెండు వారాలు పట్టింది.

అన్నట్టు, ఈ 3.6 అంకె వెనక చిన్న చరిత్ర ఉంది. బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1961లో తీగ లేని డ్రిల్లును బజారులోకి తెచ్చినప్పుడు లోపల ఉన్నవి నికెల్ కాడ్మియం బ్యాటరీలు. ఒక్కోటి 1.2 వోల్టులు, మూడు వరసగా పేరిస్తే 3.6. చంద్రుడి మీదికి వెళ్లడం కోసం నాసా వీటిని కనిపెట్టిందని చాలామంది నమ్ముతారు. జరిగింది తిరగేసి. సరుకు అప్పటికే ఉంది, అంతరిక్షంలో పనికొచ్చే రకాల కోసం నాసా తర్వాత ఈ కంపెనీ సాయం తీసుకుంది. సోనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చాక లెక్క మారింది. అది ఒక్కటే సుమారు 3.6 వోల్టులిస్తుంది. 2003లో బాష్ కంపెనీ ఇక్సో పేరుతో అలాంటి బ్యాటరీతో నడిచే బుల్లి స్క్రూడ్రైవర్ తెచ్చింది. అంతకు ముందు తరం వాటికి ఒక జబ్బుండేది. వాడకుండా డ్రాయరులో పెడితే నెల తిరిగేసరికి చార్జి కారిపోయేది. అవసరమైన రోజునే అది చచ్చి ఉండేది. లిథియం నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. అయితే దానికి వేడి గిట్టదు. భిలాయ్‌లో మే నెల ఎండ 44, 45 డిగ్రీలు. రేకుల కప్పు కింద బల్ల మీద వదిలేసిన మిషన్ అంతకన్నా వేడెక్కుతుంది. ఆ వేడిలో చార్జింగ్ పెడితే బ్యాటరీ ఆయుష్షు హరించుకుపోతుంది. చార్జింగ్ రాత్రి ఇంట్లో, చల్లబడ్డాక పెట్టమని చెప్పాను. "కూలర్ దానికి కూడా పెట్టాలా?" అన్నాడు పెద్దమనిషి.

బిట్టు గురించి ఎవరూ మాట్లాడరు. అసలు పని చేసేది అదే. మిషన్‌కు ఐదు వేలు పోసి, దాంతో వచ్చిన పిండి లాంటి బిట్లతో స్క్రూ తలలు అరగదీసుకునేవాళ్లు కోకొల్లలు. ఎస్-2 రకం ఉక్కుతో చేసిన బిట్లు గట్టివి. ఉక్కు ఊళ్లో ఈ సంగతి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అనుకోండి. కానీ నేను చెప్పగా బాబాయికి నిజంగా కొత్తదైన విషయం ఒకటుంది. మనం 'ప్లస్' లేదా 'స్టార్' అనే గాటు ఒక్కటి కాదు. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరుతో 1930లలో పుట్టింది ఒకటి. జపాన్ ప్రమాణం ప్రకారం చేసేది ఇంకొకటి. చూడ్డానికి కవలలు. ఫిలిప్స్ బిట్టు జపాన్ గాటులో అడుగు దాకా దిగదు, బలం పెడితే పైకి లేచి అంచులు గీరేస్తుంది. జపాన్ స్క్రూ తల మీద తరచు చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. పాత జపాన్ టేప్ రికార్డర్లు, మోటారు సైకిళ్ల స్క్రూలు 'చాలా మెత్తటివి' అని మన మెకానిక్కులు దశాబ్దాలుగా తిట్టడానికి సగం కారణం తప్పు బిట్టే. "ముప్పయ్యారేళ్లు..." అని ఆగిపోయాడు బాబాయి.

ఇక 'మైనస్' గాటు. పాత యంత్రాల మీద ఇవే ఎక్కువ. వీటికి కరెంటు స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. బిట్టును మధ్యలో నిలబెట్టే ఆధారం ఏమీ లేదు, తిరిగే వేగానికి పక్కకు జారి బోర్డు మీద గీత గీస్తుంది. అదృష్టం బాగోకపోతే ఎడమ చేతి బొటనవేలి మీద. వీటికి మామూలు చేతి స్క్రూడ్రైవరే గతి. (టెస్టర్‌తో స్క్రూలు విప్పే జాతీయ అలవాటు గురించి ఇక్కడ మాట్లాడకపోవడమే మర్యాద.)

భిలాయ్‌కు ప్రత్యేకమైన చిక్కు మరోటి ఉంది: ఇనుప రజను. బిట్లకు అయస్కాంతం ఉంటే స్క్రూ అంటుకుని ఉంటుంది, కింద పడదు. సౌకర్యమే. కానీ వర్క్‌షాపుల నుంచి వచ్చిన పెట్టెల్లోని సన్నటి రజను కూడా బిట్టు కొసకు మీసంలా పట్టుకుంటుంది. అదే బిట్టు తర్వాత బోర్డు మీదికి వెళ్తే ఆ మీసం రెండు కాళ్ల మధ్య రాలి షార్ట్ చేస్తుంది. ముల్లు తిరిగే పాత మీటర్ల లోపలైతే అయస్కాంతపు సందులో చేరి ముల్లును కదలనీయదు. బాబాయి ఇప్పుడు ప్రతి పెట్టె తర్వాత బిట్టును మెత్తటి బంకముద్దకు గుచ్చి తీస్తాడు. ఈ ఉపాయం ఆయనదే, నాది కాదు.

నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయంలోనే. ఈ మిషన్లకు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి కరెంటు కొట్టదని చాలామంది ధీమా. తప్పు. వెయ్యి వోల్టుల దాకా రక్షణ ఇచ్చే ఇన్సులేటెడ్ పనిముట్లకు వేరే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, వాటి మీద ఆ ముద్ర ఉంటుంది. మామూలు కార్డ్‌లెస్‌కు అది ఉండదు. బిట్టు, చక్ అన్నీ నగ్నంగా ఉన్న లోహమే. ప్లగ్గు పీకేశాక కూడా ఇండక్షన్ పొయ్యి, యూపీఎస్ లోపలి కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా నిలవ ఉండవచ్చు. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే శిఖరం 325 వరకూ పోతుంది మరి. మొదట దాన్ని ఖాళీ చేయాలి, మీటర్ పెట్టి చూడాలి, ఆ తర్వాతే బిట్టు లోపలికి. చేతి స్క్రూడ్రైవర్ నిదానంగా కదులుతుంది, ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. మీట నొక్కితే తిరిగేది ఆ వ్యవధి ఇవ్వదు.

ఈ ముక్క చెప్తుంటే బాబాయి కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత కర్మాగారం సంగతులెత్తాడు. గ్యాస్ లైన్ల దగ్గర పని చేసేటప్పుడు మామూలు బ్యాటరీ మిషన్ దగ్గరికి రానివ్వరని, లోపలి మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వ చాలని చెప్పాడు. నిప్పు రాజుకునే చోట్లకు ప్రత్యేకంగా తయారైన, ధ్రువీకరణ ఉన్న పరికరాలే వాడాలి. 2018 అక్టోబరు 9న భిలాయ్ కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద మెయింటెనెన్స్ పని జరుగుతుండగా మంటలు లేచి పది మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికీ స్క్రూడ్రైవర్‌కూ సంబంధం లేదు. కానీ ఆ ఊళ్లో 'మెయింటెనెన్స్' అన్న మాట వినగానే ఇళ్లలో ఆడవాళ్ల ముఖాలు ఎలా మారతాయో నేను చూశాను. పిన్ని ముఖంతో సహా.

మిగిలింది బ్యాటరీ ఎలా మార్చడం అన్న ప్రశ్న. ఇక్కడే నాకు చిరాకు పుట్టింది. చూసిన వాటిలో చాలా మిషన్లలో బ్యాటరీ లోపల అతికించి ఉంది. మూడు నాలుగేళ్లకు అది అలసిపోతే మిషన్ మొత్తం చెత్తబుట్టకే. రిపేర్లు చేసే మనిషి కోసం తయారైన పనిముట్టును రిపేరు చేసే వీల్లేకుండా తయారు చేయడం! కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. పనిముట్లను ఎవరూ తలచుకున్నట్టు లేదు. కొన్ని మిషన్లలో మాత్రం అడుగున మూత విప్పితే 18650 రకం బ్యాటరీ బయటికొస్తుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, అరవై ఐదు మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోనూ, టార్చిలైట్లలోనూ ఉండేది ఇదే. అసలు సరుకు కావాలంటే నమ్మకమైన చోట కొనాలి. తొమ్మిది వేలు, పది వేలు అని కెపాసిటీ అచ్చు వేసుకున్న నకిలీల జోలికి పోకూడదు. ఆ సైజులో అంత పట్టదు.

ధరలు వెయ్యి లోపు నుంచి ఆరేడు వేల దాకా ఉన్నాయి. వెయ్యిలోపు వాటిలో క్లచ్ ఉండదు, ఉన్నా పేరుకే. ఖరీదు పెరిగే కొద్దీ బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. పెరిగేది అదుపు. చివరికి నేను రెండు పేర్లు చెప్పి ఊరుకున్నాను. ఏదన్నది ఇక్కడ రాయను, ప్రకటన అవుతుంది. దుకాణానికి వెళ్లి చేత్తో పట్టి చూసి కొనమన్నాను. ఆన్‌లైన్ ఫొటోలో పిడి లావు తెలియదు కదా. బాబాయి పవర్‌హౌస్ మార్కెట్‌కు ఒక పాత ప్లాస్టిక్ డబ్బా, నాలుగు స్క్రూలు జేబులో వేసుకుని వెళ్లాడట. కౌంటరు మీద పెట్టి నాలుగు మిషన్లతో నాలుగుసార్లు బిగించి విప్పి, డబ్బా పగలకుండా ఆగినదాన్ని పట్టుకొచ్చాడు. కుర్రాడు విసుక్కున్నాడా అంటే, "కుర్చీ వేశాడురా" అన్నాడు.

మొన్న విశాఖలో పెళ్లికి దుర్గ్ నుంచి వందే భారత్‌లో వచ్చాడు. చెయ్యి ఎలా ఉందని అడిగితే చొక్కా మడిచి చూపించాడు, పట్టీ లేదు. పూర్తిగా తగ్గలేదు, ఉదయం పూట కాస్త పట్టేస్తుందట. డాక్టరు చెప్పిన వ్యాయామం మానలేదు. పని తీరు కూడా మారింది. బిగుసుకున్న స్క్రూను మోటారు ఆపి, పిడిని చేత్తో తిప్పి 'కట్టు' విడిపిస్తాడు. నడుమ చుట్లన్నీ మిషన్ తిప్పుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు ప్లాస్టిక్ మరలో స్క్రూను ముందు వెనక్కి తిప్పి, 'టిక్' మని పాత దారిలో పడ్డాకే ముందుకు తిప్పుతాడు. చివరి పావు చుట్టు చేత్తోనే.

పెళ్లి విడిది గదిలో ఏసీ రిమోట్ పనిచేయడం లేదు. బాబాయి జేబులోంచి మిషన్ తీశాడు. పెళ్లికి కూడా తెచ్చావా అని పిన్ని కోప్పడింది. రిమోట్ వెనక స్క్రూ మీద వేలితో తడిమి, కళ్లద్దాలు పైకెత్తి చూసి, నా వైపు తిప్పి చూపించాడు.

"చుక్కుందిరోయ్. ఇది జపాన్‌ది."